వేలం జోస్యాలు - ఖాళీ గడిలో సున్నా

మా ఆఫీసులో ఏడాదికి రెండుసార్లు జ్యోతిష్యులు పుట్టుకొస్తారు. అప్రైజల్స్‌కి ముందు ఒకసారి, క్రికెట్ వేలానికి ముందు ఒకసారి. మొదటి రకం గురించి ఇప్పుడేమీ రాయను, ఉద్యోగంతో పనుంది కాబట్టి. రెండో రకం మీద మాత్రం చాన్నాళ్ళుగా కడుపులో ఉంది. ఇవాళ కక్కేస్తాను.

వీళ్ళెవరో మీకు తెలిసే ఉంటుంది. వేలానికి పది రోజుల ముందే ఒక ఎక్సెల్ షీటు తయారవుతుంది. ఎవరు ఎన్ని కోట్లకి పోతారు, ఏ జట్టు ఎవర్ని కొంటుంది, ఎవరు మిగిలిపోతారు.. అన్నీ అందులో ఉంటాయి. దానికి 'మాక్ ఆక్షన్' అని పేరు. ఫుడ్ కోర్టులో చర్చ, వాట్సాప్‌లో పందెం, ఓడినవాడు బిర్యానీ ఇప్పించాలి. వేలం అయ్యాక సరిపోయిన గడులకి ఆకుపచ్చ రంగు పూసి అందరికీ పంపుతారు. సరిపోనివాటి ఊసు ఎవరూ ఎత్తరు.

ముందే ఒప్పుకుంటున్నా, నేనూ ఈ జ్యోతిష్యుల్లో ఒకణ్ణే. అందుకే ఈ గోల. దొంగే దొంగతనం గురించి చెప్తుంటే కాస్త వినాలి కదా మరి.

నా ఘనకార్యం

2025 నవంబర్ 27న ఢిల్లీలో మహిళల ప్రీమియర్ లీగ్ పెద్ద వేలం జరిగింది. 5 జట్లు, 73 ఖాళీలు. నవంబర్ 2న మన అమ్మాయిలు ప్రపంచకప్ గెలిచి అప్పటికి నెల కూడా కాలేదు. అందుకని ఎప్పుడూ ఐపీఎల్‌కి మాత్రమే షీట్లు తయారుచేసే మా బ్యాచ్ ఈసారి దీని మీద కూడా పడింది.

నేను మామూలు షీటుతో ఆగలేదు. పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశాను. అంతకుముందు జరిగిన మూడు సీజన్ల లెక్కలు, ప్రపంచకప్ లెక్కలు, వయసు, కనీస ధర.. ఇవన్నీ పోస్తే ప్రతి పేరు పక్కనా ఒక ధర ఉమ్ముతుంది. రెండు వీకెండ్లు పట్టింది. స్క్రీన్ మీద గ్రాఫు చూసుకుని నాలో నేనే మురిసిపోయాను కూడా.

ఇక వేలం రోజు జరిగిన భాగోతం. మొట్టమొదటి సెట్‌లోనే అలీసా హీలీ పేరు వచ్చింది. అక్టోబర్ 12న విశాఖపట్నంలో మన మీద 107 బంతుల్లో 142 కొట్టి, 331 పరుగుల లక్ష్యాన్ని ఊదేసిన మనిషి. నా షీట్లో మొదటి ఐదుగురిలో ఉంది. ఒక్కరు కూడా చెయ్యెత్తలేదు. అన్‌సోల్డ్!

ప్రపంచకప్‌లో 571 పరుగులు చేసి, సెమీఫైనల్లోనూ ఫైనల్లోనూ సెంచరీలు కొట్టిన లారా వోల్వార్ట్ 1.1 కోట్లకి పోయింది. 2023 తర్వాత ఇండియా జెర్సీ వేసుకోని, 36 ఏళ్ళ శిఖా పాండే ఏమో 2.4 కోట్లకి పోయింది. శిఖాని నేను 50 లక్షల దగ్గర పెట్టాను. మొత్తానికి నేను రాసిన మొదటి పది పేర్లలో ఆరు సరిపోయాయి. ఆ ఆరింటికీ ఆకుపచ్చ రంగు పూసి గ్రూపులో పెట్టేశాను. నలుగురైదుగురు 'సూపర్ బ్రో' అన్నారు.

అప్పుడు మా టీంలో ఒకాయన, వయసులో పెద్దాయన, షీటు కిందికంటా జరిపి అడిగాడు, "ఏమయ్యా, ఈ గొంగడి త్రిష మీ వైపు అమ్మాయే కదా? అన్‌సోల్డ్ అని రాశావేంటి?"

ఎందుకు రాశానంటే

నేను రాయలేదు, ప్రోగ్రాం రాసింది అని చెప్పబోయాను. నోరు రాలేదు. ఎందుకంటే ప్రోగ్రాం రాసింది నేనే కదా.

త్రిష ఎవరో తెలియనివాళ్ళ కోసం కొంచెం వివరంగా. పుట్టింది భద్రాచలంలో, 2005 డిసెంబర్ 15న. 2023లో మొదటిసారి అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్ పెట్టినప్పుడు గెలిచిన మన జట్టులో ఉంది. 2025లో మలేషియాలో రెండోసారి పెట్టినప్పుడూ ఉంది. ఆ రెండోసారి జనవరి 28న స్కాట్లాండ్ మీద 59 బంతుల్లో 110 నాటౌట్. ఆ టోర్నీ చరిత్రలో అదే మొదటి సెంచరీ. ఫిబ్రవరి 2న ఫైనల్లో దక్షిణాఫ్రికా మీద 15 పరుగులిచ్చి 3 వికెట్లు, తర్వాత 33 బంతుల్లో 44 నాటౌట్. టోర్నీ మొత్తం మీద 309 పరుగులు, 7 వికెట్లు. ఫైనల్లో ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్, టోర్నీకి ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్.

మరి దీనికి ఒకటిన్నర నెల ముందు, 2024 డిసెంబర్ 15న, బెంగుళూరులో డబ్ల్యూపీఎల్ వేలం జరిగింది. తేదీ మళ్ళీ చూడండి. సరిగ్గా ఆ అమ్మాయి 19వ పుట్టినరోజు. ఆ వేలం అయ్యాక ఐదు జట్ల జాబితాల్లో త్రిష పేరు ఎక్కడా లేదు. ఆ తర్వాత ప్రపంచకప్‌లో ఆమెతో కలిసి ఓపెనింగ్ చేసిన తమిళనాడు అమ్మాయి కమలిని 1.6 కోట్లకి ముంబైకి వెళ్ళింది. కమలిని మంచి ప్లేయరే, ఆమెని ఒక్క మాట కూడా అనడం లేదు. నేనంటున్నది ఇదీ - ఒకే జట్టు ఓపెనర్లు ఇద్దరిలో ఒకరి ధర కోటీ అరవై లక్షలు, ఇంకొకరి పేరే లేదు. ఏడు వారాల తర్వాత ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్ ఎవరయ్యా అంటే, ఆ పేరు లేని అమ్మాయే.

ఇప్పుడు నా ప్రోగ్రాం సంగతి. 2025 సీజన్‌లో ఏ జట్టులోనూ లేదు కాబట్టి త్రిషకి డబ్ల్యూపీఎల్ గడులన్నీ ఖాళీ. ఖాళీలుంటే ప్రోగ్రాం నడవదు, ఎర్రర్ కొడుతుంది. అప్పుడు మనందరం ఏం చేస్తాం? నేనూ అదే చేశాను. ఒక్క లైను రాసి ఖాళీ గడులన్నిట్లో సున్నా నింపేశాను. పరుగులు సున్నా, స్ట్రయిక్ రేట్ సున్నా, వికెట్లు సున్నా. అండర్-19 లెక్కలకి అసలు కాలమే పెట్టలేదు, 'లెవెల్ వేరు కదా' అనుకుని. ప్రోగ్రాం ఆ సున్నాలన్నీ చక్కగా కూడి 'అన్‌సోల్డ్' అని చెప్పింది.

ఆడని మ్యాచ్‌లో సున్నాకి అవుటైనట్టు రాశాను. ఇదీ నా డేటా సైన్స్.

వేలంలో యూపీ వారియర్స్ ఆమెని 10 లక్షలకి తీసుకుంది. నా జోస్యం తప్పింది. సంతోషంగా తప్పింది. కానీ గ్రూపులో ఒకడు ఏమన్నాడంటే, "కనీస ధరకే కదా బాస్, నీ మోడల్ పెద్దగా తప్పలేదులే. మార్కెట్ ఎప్పుడూ కరెక్టే." ఈ టపా అసలు ఈ ఒక్క మాట వల్లే పుట్టింది.

అమెరికా వాళ్ళ జాతకాలు

ఈ మాక్ ఆక్షన్ మన సొంత పైత్యం కాదు. దీని పుట్టిల్లు అమెరికా. అక్కడ ఫుట్‌బాల్ లీగ్‌లో వేలం ఉండదు, డ్రాఫ్ట్ ఉంటుంది. 32 జట్లు, 7 రౌండ్లు. కిందటేడు అట్టడుగున ఉన్న జట్టుకి మొదటి ఛాన్సు. కాలేజీ కుర్రాళ్ళని వరుసగా ఏరుకుంటారు. ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ అయితే జనవరి నుంచే మొదలు - మొదటి రౌండ్లో ఎవరెవరు పోతారని 'మాక్ డ్రాఫ్ట్'లు. అదే వృత్తిగా బతికేవాళ్ళున్నారు. 32 పేర్లలో ఎన్ని సరిపోయాయని వాళ్ళకి మార్కులు కూడా వేస్తారు. అక్కడున్న మన తెలుగు వాళ్ళలో ఈ పిచ్చి తగిలించుకున్నవాళ్ళు నాకు ఇద్దరు ముగ్గురు తెలుసు.

2025 డ్రాఫ్ట్‌కి ముందు షెడ్యూర్ శాండర్స్ అనే క్వార్టర్‌బ్యాక్ మొదటి రౌండ్లోనే పోతాడని పెద్ద పెద్ద జ్యోతిష్యులు రాశారు. మొదటి రౌండు అయిపోయింది. రెండు, మూడు, నాలుగు కూడా అయిపోయాయి. చివరికి ఐదో రౌండ్లో, 144వ పేరుగా క్లీవ్‌లాండ్ తీసుకుంది.

సరే, అది జట్లు ఏమనుకుంటాయో పసిగట్టడంలో తప్పు. జట్లే తప్పు చేసిన కథలు ఇంకా పెద్దవి. 1998లో రెండో పేరుగా పోయిన రయాన్ లీఫ్ నాలుగేళ్ళలో ఆటకి దూరమయ్యాడు. 2000లో ఆరో రౌండ్లో 199వ పేరుగా పోయిన టామ్ బ్రాడీ ఏడు సూపర్ బౌల్‌లు గెలిచాడు. అంటే 198 సార్లు ఎవరో ఒకరు బ్రాడీని కాదని ఇంకొకరి పేరు చదివారన్నమాట. 2022లో అందరికంటే ఆఖరున, 262వ పేరుగా పోయిన బ్రాక్ పర్డీ 2024 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ఆడాడు.

ఏవో నాలుగు కథలు ఏరుకొచ్చి చెప్తున్నావు అనకండి. కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ (2017లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చిన థేలరే) కలిసి ఈ డ్రాఫ్ట్ మీద పరిశోధన చేశారు. 2013లో అచ్చయింది. ఒకే పొజిషన్‌లో ముందు ఎంపికైనవాడు, వాడి తర్వాత ఎంపికైనవాడికంటే మెరుగ్గా ఆడే అవకాశం ఎంతా అని చూస్తే వచ్చింది 52 శాతం. బొమ్మా బొరుసా వేస్తే 50. కోట్ల డాలర్లు, స్కౌట్లు, వీడియోలు, పరుగు పందేలు, ఇంటర్వ్యూలు.. అన్నీ కలిపి నాణెం మీద సంపాదించింది 2 శాతం! పరీక్షలన్నీ పెట్టి, కళ్ళతో చూసి ఎంచుకునేవాళ్ళ సంగతే ఇది. మనం ఫుడ్ కోర్టులో సమోసా తింటూ చెప్పేస్తున్నాం.

అసలు మనం చెప్తున్నదేంటి?

కీన్స్ అనే ఆర్థికవేత్త 1936లోనే షేర్ మార్కెట్‌ని ఒక పోటీతో పోల్చాడు. పేపర్లో బోలెడు ఫొటోలు వేసి, అందమైన ముఖాలు ఎంచుకోమంటారు. ఎక్కువమంది ఎంచుకున్న ముఖాలనే మీరూ ఎంచుకుంటే బహుమతి. అప్పుడు మీరు మీకు నచ్చిన ముఖం వెతకరు. మిగతావాళ్ళకి ఏది నచ్చుతుందో వెతుకుతారు. మిగతావాళ్ళూ అదే పనిలో ఉంటారు. అసలు అందం ఎవరిక్కావాలి?

మన మాక్ ఆక్షన్ అచ్చం ఇదే. 'ఈ అమ్మాయి బాగా ఆడుతుందా' అన్నది మన ప్రశ్న కానే కాదు. 'ఆ ఐదు బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళు ఏమనుకుంటారు' అన్నది మన ప్రశ్న. తేడా చిన్నదిలా కనిపిస్తుంది, కానీ మొదటిదానికి జవాబు మైదానంలో ఉంటుంది, రెండోదానికి జవాబు పర్సులో ఉంటుంది.

దీప్తి శర్మ సంగతే చూడండి. ప్రపంచకప్‌లో 22 వికెట్లు, ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్. కనీస ధర 50 లక్షలు. వేలంలో పేరు పిలిస్తే ఢిల్లీ ఒక్కటే చెయ్యెత్తింది. ఇంకెవరూ లేరు. అంటే 50 లక్షల దగ్గరే ఆగింది పాట! అప్పుడు ఆమె పాత జట్టు యూపీ రైట్ టు మ్యాచ్ కార్డు తీసింది. ఆ రూలు ప్రకారం ఢిల్లీకి ఇంకొక్కసారి ధర పెంచే ఛాన్సు ఉంటుంది. ఢిల్లీ ఏకంగా 3.2 కోట్లన్నది. యూపీ సరే అంది. ఆ వేలంలో అదే అతి పెద్ద ధర. 50 లక్షలకీ 3.2 కోట్లకీ మధ్య దీప్తి ఒక్క బంతి కూడా వెయ్యలేదు. ఒక్క పరుగు కూడా తియ్యలేదు. మారింది ఒక కార్డు, అంతే.

పర్సులు కూడా చూడండి. యూపీ ఒక్కరినే ఉంచుకుని 14.5 కోట్లతో వచ్చింది. ఢిల్లీ ఐదుగురిని ఉంచుకుని 5.7 కోట్లతో వచ్చింది. పదిహేనుకి పైగా ఖాళీలున్న జట్టు ఒకటి ఉంది కాబట్టి కొంతమందికి చోటు దొరికింది. అదే అమ్మాయిలు, అదే ఆట, పర్సులు నిండుకున్న ఏడాది అయితే 'అన్‌సోల్డ్'. 'మార్కెట్ ఎప్పుడూ కరెక్టే' అన్న పెద్దమనిషికి ఇదే నా మొదటి జవాబు. మార్కెట్ చెప్పింది ఆ సాయంత్రం ఆ గదిలో ఎవరికి ఎవరు అవసరమో అని. అంతకుమించి అది చెప్పలేదు, మనమే దాని నోట్లో మాటలు కుక్కుతున్నాం.

గోదారి ఒడ్డున ఖాళీ గడులు

ఇక రెండో జవాబు. దీనికోసం మిమ్మల్ని కాసేపు మా వైపు తీసుకెళ్ళాలి.

మాది పాల్వంచ. భద్రాచలానికి రైలెక్కుదామని 'భద్రాచలం రోడ్డు' స్టేషన్‌కి టికెట్ తీసుకున్న కొత్తవాళ్ళు కొత్తగూడెంలో దిగి తెల్లమొహం వేస్తుంటారు. గుడి అక్కడికి 40 కిలోమీటర్లు. పేరు చూసి ఊరొచ్చేసిందనుకోవడం మా దగ్గర పాత జోకు. మిగతా దారి బస్సే. సారపాక దాటి వంతెనెక్కితే గోదారి అవతల భద్రాచలం. అక్కణ్ణుంచి దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం వైపు అడవి.

భద్రాచలం టౌను దాటి ఎటపాక వైపు నాలుగు అడుగులేస్తే ఆంధ్రప్రదేశ్. 2014లో పోలవరం కోసం ముంపు మండలాల్ని అటు కలిపినప్పుడు టౌను ఇటు మిగిలింది, చుట్టూ ఊళ్ళు అటు పోయాయి. రోడ్డుకి ఇవతల అమ్మాయి క్రికెట్ ఆడాలంటే హైదరాబాద్ అసోసియేషన్. అవతల అమ్మాయి ఆడాలంటే ఆంధ్రా అసోసియేషన్. ఇద్దరూ ఒకే సంతకి వస్తారు, ఒకే ఆసుపత్రికి వస్తారు. సెలెక్షన్లకి మాత్రం ఒకరు ఇటు, ఒకరు అటు, వందల కిలోమీటర్లు పోవాలి. ఎంతమంది పోతారు? ఏ తండ్రి రెండు రోజుల కూలి వదులుకుని తీసుకెళ్తాడు?

మా వైపు ఆటలు లేవనుకునేరు. సంక్రాంతి వస్తే ఊరూరా కబడ్డీ, వాలీబాల్ టోర్నమెంట్లు. కిన్నెరసానిలో గిరిజన పిల్లల కోసం క్రీడా పాఠశాల కూడా ఉంది. లేనిది ఆట కాదు, లెక్క. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా ఊరి క్రికెట్ టోర్నమెంటుకి స్కోరు రాసింది నేనే. లాంగ్ నోట్‌బుక్కు, గీతలు కొట్టి, బంతి బంతికీ చుక్కలు. ఒక ఊరి నుంచి వచ్చిన కుర్రాడు అద్భుతంగా బౌలింగ్ చేశాడు. ఎన్ని వికెట్లు తీశాడో ఇప్పుడు చెప్పలేను. ఎందుకంటే ఆ పుస్తకం టోర్నమెంటు అయ్యాక మిర్చి బజ్జీల బండికి చేరింది. పొట్లం విప్పితే నా చేతిరాతే కనిపించింది. అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రావట్లేదు. ఆ కుర్రాడి గడి ఖాళీ. నా లాంటివాడు ఎవడో వచ్చి అందులో సున్నా పెడతాడు.

త్రిష లెక్కలు మనకి ఎలా దొరికాయో తెలుసా? వాళ్ళ నాన్నగారు ఐటీసీలో ఫిట్‌నెస్ ట్రైనర్‌గా చేసేవారట. కూతురి ఆట కోసం తన జిమ్ అమ్మి, పొలం కొంత అమ్మి, కుటుంబాన్ని సికింద్రాబాద్ తీసుకొచ్చారని పేపర్లన్నీ రాశాయి. అంటే ఒక పేరు మన ఎక్సెల్ షీట్లోకి ఎక్కడానికి ఒక ఇల్లు మొత్తం 300 కిలోమీటర్లు జరగాల్సొచ్చింది. జరగలేని ఇళ్ళ సంగతేంటి? అమ్మడానికి జిమ్మూ పొలమూ లేనివాళ్ళ సంగతేంటి?

ఇక్కడే అసలు చిక్కుంది. లెక్కలు లేవు కాబట్టి ఎవరూ తీసుకోరు. ఎవరూ తీసుకోలేదు కాబట్టి మ్యాచ్‌లు ఉండవు. మ్యాచ్‌లు లేవు కాబట్టి లెక్కలు ఉండవు. ప్రోగ్రామర్లకి చెప్పక్కర్లేదు, బయటికి దారి లేని లూపు ఇది. దాని మీద మన మోడల్ కూర్చుని, "చూశారా, నేను అన్‌సోల్డ్ అన్నాను, అన్‌సోల్డే అయింది, నా యాక్యురసీ ఇంత" అని రొమ్ము విరుచుకుంటుంది. ఇది జోస్యం కాదండీ. మూసిన తలుపు చూసి లోపల ఎవరూ లేరని చెప్పడం.

మీరు అడగబోయేవి

"జట్లవాళ్ళు పిచ్చివాళ్ళా? స్కాట్లాండ్ అండర్-19 బౌలర్లూ సోఫీ ఎకిల్‌స్టనూ ఒకటేనా?" కాదు. ముమ్మాటికీ కాదు. అండర్-19లో చెలరేగి పెద్దవాళ్ళ ఆటలో కనబడకుండా పోయినవాళ్ళు బోలెడుమంది. త్రిష రేపు గొప్ప ప్లేయర్ అవుతుందని నేను చెప్పడం లేదు. చెప్తే నేనూ మళ్ళీ అదే జ్యోతిష్యుణ్ణి. నేను చెప్పేది ఒక్కటే. 'తెలియదు' అనాల్సిన చోట 'లేదు' అని రాశాను, అది తప్పు.

"మరి డేటా లేకుండా ఎలా ఎంచుకుంటారు?" వెళ్ళి చూసి! కడప జిల్లా ఎర్రమల్లె అనే పల్లె నుంచి వచ్చిన శ్రీచరణిని 2024 డిసెంబర్ వేలంలో ఢిల్లీ 55 లక్షలకి కొన్నది. అప్పటికి ఆమె ఇండియాకి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. నా ప్రోగ్రాం ఆ రోజు ఉండి ఉంటే ఆమెకీ సున్నాలే నింపేది. ఏడాది తిరిగేసరికి ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీసింది. 2025 నవంబర్లో అదే ఢిల్లీ 1.3 కోట్లు పెట్టి వెనక్కి తెచ్చుకుంది. ఎవరో ఒకరు వెళ్ళి, ఆ అమ్మాయి బంతి ఎలా తిరుగుతుందో కళ్ళతో చూశారు కాబట్టి ఇది జరిగింది. గ్రాఫుల వల్ల కాదు.

"సరదాగా ఆడుకునేదానికి ఇంత రాద్ధాంతమా?" సరదా ఫుడ్ కోర్టు దాటనంతవరకూ నాకూ అభ్యంతరం లేదు. కానీ దాటుతోంది. ఈ సరదా మనకి ఒక అలవాటు నేర్పుతోంది. అదే అలవాటుతో సోమవారం పొద్దున ఆఫీసులో కూర్చుంటాం. మన దగ్గరకొచ్చే రెజ్యూమెల్లో కాలేజీ పేరు లిస్టులో లేకపోతే పక్కన పడేసే ఫిల్టరు రాసేది ఎవరు? మనమే. నేను చదివిన కాలేజీ పేరు కూడా అలాంటి ఒక లిస్టులో లేదు. క్యాంపస్‌కి వచ్చిన కంపెనీలు ఎన్నో లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు ఎక్కువ. ఒక సీనియర్ నా రెజ్యూమె చేత్తో పట్టుకెళ్ళి తన మేనేజరుకి ఇచ్చి, "ఒక్కసారి మాట్లాడి చూడండి సార్" అన్నాడు కాబట్టి ఇవాళ ఇక్కడున్నాను. నా గడి కూడా ఖాళీగానే ఉండేది. ఒకడు దాంట్లో సున్నా పెట్టకుండా వచ్చి చూశాడు. ఆ సంగతి మర్చిపోయి త్రిషకి నేను సున్నాలు పెట్టాను చూశారా, అదీ నా సిగ్గు.

ఏం చేద్దామంటే

తిట్టి వదిలేస్తే ఏం లాభం. మాక్ ఆక్షన్లు మానెయ్యమని చెప్పను, చెప్పినా మీరు మానరు, నేనూ మానను. నాలుగు నియమాలు పెట్టుకుందాం.

ఒకటి, తప్పిన గడులకి కూడా రంగు పూయండి. ఎర్ర రంగు. మొత్తం షీటు పంపండి, ఆకుపచ్చ ముక్క మాత్రమే కాదు.

రెండు, మీ మోడల్‌ని తెలివితక్కువ జోస్యంతో పోల్చండి. 'పేరున్న పదిమందికీ ఎక్కువ ధర' అని కళ్ళు మూసుకుని రాసేవాడికి ఎన్ని సరిపోతాయో చూడండి. నేను చూశాను. వాడికి ఐదు, నాకు ఆరు. రెండు వీకెండ్ల కష్టానికి ఒక్క పేరు!

మూడు, 'తెలియదు' అనే కాలమ్ పెట్టండి. ఖాళీని ఖాళీగానే ఉంచండి. ప్రోగ్రాం ఎర్రర్ కొడితే కొట్టనివ్వండి. ఆ ఎర్రరే నిజం చెప్తోంది. ఆ ఖాళీ గడులున్నవాళ్ళ పేర్లు విడిగా ఒక జాబితా రాయండి. వెళ్ళి చూడాల్సినవాళ్ళ జాబితా అదే.

నాలుగు, ఇది కాస్త కష్టం. ఏడాదికి ఒక్క వీకెండు జోస్యానికి కాకుండా లెక్క రాయడానికి ఇవ్వండి. మీ ఊళ్ళో అమ్మాయిల మ్యాచ్ ఎక్కడైనా జరిగితే వెళ్ళి, ఫోన్లో స్కోరు ఎక్కించే యాప్ ఏదో ఒకటి తెరిచి, బంతి బంతీ ఎక్కించండి. నేను ఈ సంక్రాంతికి రాబోయే సంక్రాంతికి అని చెప్పి తప్పించుకోకుండా, మా ఊరి టోర్నమెంటు కమిటీ వాళ్ళకి ఫోన్ చేసి స్కోరర్‌గా పేరిచ్చేశాను. "సాఫ్ట్‌వేర్ సారు వచ్చి చుక్కలు పెడతాడంట" అని నవ్వారు. నవ్వనివ్వండి. అమ్మాయిల మ్యాచ్ ఒక్కటైనా పెట్టమని అడిగాను. "జట్లు ఎక్కడున్నాయి సార్?" అన్నారు. చూశారా, అక్కడా ఖాళీ గడిలో సున్నా పెట్టేశారు! అడిగి చూడండి, ఒక్కసారి పిలిచి చూడండి అని చెప్పాను. చూద్దామన్నారు.

నా షీటు సరిదిద్దాను. త్రిష పేరు పక్కన 'అన్‌సోల్డ్' కొట్టేసి ఖాళీ వదిలేశాను. ఇప్పుడు నా ప్రోగ్రాం నడవట్లేదు. ఎర్రర్ కొడుతోంది. అలాగే ఉంచుతున్నాను.

ఇంతకీ మీ షీట్లో సున్నాలెన్ని? అందులో నిజంగా సున్నాలెన్ని?